అమ్మాయి పురిటికి వస్తోంది, వంటిల్లు ఇప్పుడే మార్చాలా?

బెంగళూరు మారతహళ్ళి వైపు ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్న 58 ఏళ్ళ గృహిణి రాసిన ఉత్తరం ఇది. పుట్టిల్లు ఒంగోలు. 2006లో ఫ్లాటు కొన్నారు. గట్టు అప్పట్లో బిల్డరు వేసి ఇచ్చింది, దాని కింది అలమరలు ఆ తరువాత చవకగా చేయించుకున్న పార్టికల్ బోర్డువి. ఇప్పుడు సింకు కింది తలుపు అడుగంచు నీళ్ళు తాగి ఉబ్బిపోయింది. స్క్రూలు పట్టడం లేదని కీలును పురికొసతో కట్టి నెట్టుకొస్తున్నారు. గ్రైండరు నేలమీద ఉంటుంది, వంగి పిండి తీయడం నడుముకు కష్టమవుతోంది. కింది ఫ్లాటు ఆవిడ పైకి వచ్చి తమ సీలింగుమీద పడిన చెమ్మ మరకను ఫోనులో ఫొటో తీసి మరీ చూపించి వెళ్ళారట.

"మొదట ఇంటి అప్పు తీరాలన్నారు. తరువాత అమ్మాయి చదువు, ఆపైన పెళ్ళి. అన్నీ అయ్యాయి కదా, ఇక వంటింటి వంతు వచ్చిందనుకున్నాను" అని రాశారు. ఈలోగా అమ్మాయికి అయిదో నెల. నవంబరు మధ్యలో పురుడు. సెప్టెంబరులో శ్రీమంతం చేసి తీసుకొస్తారు, బిడ్డకు అయిదో నెల నిండాక, అంటే ఏప్రిల్ మధ్యలో అత్తవారింటికి పంపిస్తారు. భర్త వచ్చే ఏడాది మే 31న రిటైరవుతున్నారు. "గ్రాట్యుటీ చేతికొచ్చాక తీరిగ్గా చేయిద్దాం, ఇన్నేళ్ళు నడవలేదా" అన్నది ఆయన మాట. ఒక కాంట్రాక్టరు 4,60,000 రూపాయలకు కొటేషన్ ఇచ్చి, ఈ నెలాఖరులోగా అడ్వాన్సు కడితే 10 శాతం తగ్గిస్తానని, 45 రోజుల్లో పూర్తి చేస్తానని అంటున్నాడు. వియ్యపురాలు మాత్రం, కడుపుతో ఉన్న పిల్ల వచ్చే ఇంట్లో గోడలు పగలగొట్టకూడదని ఫోనులో గట్టిగానే చెప్పారు. చీమకుర్తిలో గ్రానైటు పనిలో ఉన్న తమ్ముడేమో శ్రావణంలో బ్లాక్ గెలాక్సీ రాయి లారీకి వేసి పంపుతానని ఉత్సాహపడుతున్నాడు. డిసెంబరులో రెండు లక్షల చీటీ డబ్బు వస్తుంది. "ఇప్పుడే మొదలుపెట్టాలా, అమ్మాయి వెళ్ళాక చూసుకోవాలా, ఆయన రిటైరయ్యేదాకా ఆగాలా? ఇప్పుడు ఆగితే మళ్ళీ ఏదో ఒకటి అడ్డొస్తుందని నా భయం" అని అడిగారు.

జవాబు:

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఆ చివరి వాక్యమే. మీ భయం వట్టిదేమీ కాదు. ఇన్నేళ్ళుగా "తరువాత" అన్న మాట విన్నవారికి ఇంకో "తరువాత" వినిపిస్తే నమ్మకం కుదరదు. నెలాఖరు లోపల అడ్వాన్సు కట్టేయాలన్న మీ తొందర వెనక ఉన్నది 10 శాతం తగ్గింపు కాదనీ, కట్టేస్తే ఇక ఎవరూ వాయిదా వేయలేరన్న ఆశ అనీ నాకు అనిపించింది. ఆ ఆశ న్యాయమైనదే. దాన్ని నిలబెట్టుకోవడానికి వేరే దారి ఉందేమో చూద్దాం.

మీరు "మొదలుపెట్టడం" అంటున్న దానిలో రెండు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి వంటింటి గురించి ఆలోచించడం, కొలతలు, బొమ్మలు, ధరలు, ఎంపికలు. రెండోది గట్టు పగలగొట్టడం. మీ ఇంట్లో అందరూ వాదిస్తున్నది రెండోదాని గురించే. మీ వారికి డబ్బు, వియ్యపురాలికి అమ్మాయి, మీకు వయసు. మొదటి పనికి ఎవరి అభ్యంతరమూ లేదు, పెద్దగా ఖర్చూ లేదు. ఆషాఢం కూడా దానికి అడ్డు రాదు. నన్నడిగితే అది ఈ వారమే మొదలు కావాలి. పగలగొట్టే తేదీ ఆ తరువాత దానంతట అదే తేలుతుంది.

అంతకన్నా ముందు ఆ చెమ్మ సంగతి. దాని కారణం తెలియకుండా తేదీల గురించి మాట్లాడుకుని లాభం లేదు. ఒక మంచి ప్లంబరును పిలిపించండి. సింకు కింద అంతా పొడిగా తుడిపించి, సింకు నింపి ఒక్కసారిగా నీళ్ళు వదిలి చూడమనండి. కారడం అప్పుడే కనబడితే లోపం సింకు కింది జాయింటులోనో, వేస్టు పైపులోనో ఉన్నట్టు. అది ఒక పూటలో సరిచేసే పని. సింకు వాడకపోయినా గోడ చెమ్మగానే ఉంటే గోడలోపలి పైపును అనుమానించాలి. మీ ఇల్లు కట్టిన రోజుల్లో చాలాచోట్ల గోడల్లో జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులే వేసేవారు, ఇన్నేళ్ళలో అవి లోపల తుప్పు పట్టడం మామూలే. అలా అయినా కంగారు పడనక్కరలేదు. ఆ పైపును మూసేసి, గోడ పైనుంచి సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు వేయించుకుంటే ఏడాదిపాటు నిశ్చింతగా గడుస్తుంది. చూడటానికి బాగుండదు, కానీ ఎలాగూ తీసేసేదే. ఈ పని మాత్రం అమ్మాయి రాకముందే, ఆషాఢమైనా సరే, అయిపోవాలి. కింది ఇంట్లో ఉన్నవారు మీ రిటైర్మెంటు కోసమో మీ ముహూర్తం కోసమో ఎందుకు ఆగాలి? ప్లంబరు వచ్చే ముందు ఆవిడకు ఒక మాట చెప్పండి, పని అయ్యాక మరక ఎండుతోందో లేదో ఆవిడే చెబుతారు.

ఇక మొదటి దారి, ఇప్పుడే పగలగొట్టడం. కాంట్రాక్టరు చెప్పిన 45 రోజులు ఎప్పటినుంచి లెక్క అని అడిగారా? మామూలుగా ఆ లెక్క ఆఖరి కొలతలు తీసుకున్న రోజునుంచి మొదలవుతుంది. పాత గట్టు తీసి, పైపులు, కరెంటు లైన్లు మార్చి, టైల్స్ వేసి, కొత్త గట్టు కూర్చున్నాకే ఆఖరి కొలతలు తీస్తారు. ఆ తాపీపనికే రెండు మూడు వారాలు. మీరు శ్రావణం రాగానే మొదలుపెట్టినా ఆగస్టు నడిమికి గానీ కొలతలు అవవు, అక్కడినుంచి 45 రోజులంటే సెప్టెంబరు ఆఖరు. అంతా అనుకున్నట్టు జరిగితేనే సుమా. జరగకపోతే దసరా, దీపావళి ముంచుకొస్తాయి. బెంగళూరులో వడ్రంగం చేసేవారిలో చాలామంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్ల నుంచి వచ్చినవారు, పండుగకు ఊరెళితే ఎప్పుడు తిరిగొస్తారో వారికే తెలియదు. పైగా ఈ ఊళ్ళో వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. శ్రీమంతం చేసి తీసుకొచ్చిన పిల్లను సగం తలుపులు బిగించిన వంటింట్లోకి తేవలసి వస్తుంది.

వియ్యపురాలి మాటను ఇక్కడే తలచుకోవాలి. ఆవిడ చెప్పింది ఆచారంగా చెప్పారు, మీరు కొంచెం నొచ్చుకున్నట్టున్నారు. కానీ ఆ మాటలో పనికొచ్చే విషయం ఉంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరునుంచి అమలైంది. మీ గోడలకు, కిటికీ ఊచలకు, తలుపులకు వేసిన తొలి రంగులు అంతకు ముందువి. వాటిని గీకితే, పగలగొడితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. గర్భిణికీ పసిబిడ్డకూ అది కీడు చేస్తుంది. కొత్త ప్లైవుడ్డు జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు మొదటి కొన్ని వారాల్లో ఎక్కువగా వెలువడుతుంది, పాలిష్ వాసన సంగతి సరేసరి. అందుకని ఇప్పుడే చేయించాలని మీరు నిర్ణయించుకుంటే, పని పూర్తయి, ఇల్లంతా తడిబట్టతో తుడిపించి, కిటికీలు తెరిచి కొన్ని వారాలు గాలాడేదాకా అమ్మాయిని అత్తవారింట్లోనే ఉంచమని అడగవలసి ఉంటుంది. తొలికాన్పుకు వచ్చే పిల్లను ఆలస్యంగా తీసుకువెళతామని చెప్పడం మీకు ఎంత కష్టమో నేను చెప్పనక్కరలేదు. మరీ ఇప్పుడే కావాలంటే దీనికీ సిద్ధపడాలి.

రెండో దారి, అమ్మాయిని పంపించాక, ఏప్రిల్ రెండో సగంలో పగలగొట్టడం. మీ పరిస్థితుల్లో నా మనసు దీనివైపే మొగ్గుతోంది. మీ వారి వాదనకు కూడా ఇది దగ్గరగానే వస్తుంది, లెక్క చూడండి. డిసెంబరు చీటీ డబ్బు రెండు లక్షలు అడ్వాన్సుకూ తాపీపనికీ సరిపోతుంది. తాపీపని మే మొదటివారానికి అయితే, అలమరలు వచ్చి బిగించేది జూన్ ఆఖరుకు. పెద్ద మొత్తం కట్టవలసింది అప్పుడే. గ్రాట్యుటీ చెల్లించవలసి వచ్చిన 30 రోజుల్లోగా ఇవ్వాలని చట్టం చెబుతోంది కాబట్టి మే 31న రిటైరైనవారికి ఆ డబ్బు జూన్ ఆఖరులోగా అందాలి. అంటే ఆయన "గ్రాట్యుటీ వచ్చాక" అన్నదీ, మీరు "అమ్మాయి వెళ్ళగానే" అన్నదీ ఒకే పని రెండు చివరలు. ఈ లెక్క కాగితంమీద వేసి ఆయన ముందు పెట్టండి. గ్రాట్యుటీ ఒకటి రెండు వారాలు ఆలస్యమైతే ఆఖరి వాయిదాకు ఏం చేస్తారో కూడా అప్పుడే మాట్లాడుకోండి.

ఈ దారిలో ఇబ్బందులూ ఉన్నాయి. తాపీపనికి నీళ్ళు కావాలి, సిమెంటు కనీసం వారం తడవాలి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ఈ ఊరు ట్యాంకర్ల కోసం ఎంత అల్లాడిందో మీరు కళ్ళారా చూశారు. ఏప్రిల్, మే నెలల్లో పగలగొట్టే పనులకు మీ అసోసియేషన్ అనుమతిస్తుందా, డ్రిల్లింగు ఏ వేళల్లో చేయనిస్తారు, శిథిలాలు ఎక్కడ వేయాలి, డిపాజిట్ ఎంత అన్నవి ఇప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోండి. రెండోది ఆవకాయ. మే నెలలో మీకు వంటిల్లు ఉండదు. ఆ ఏడాదికి జాడీలు ఒంగోలు తీసుకెళ్ళి పుట్టింట్లో కలుపుకుని వస్తే, దుమ్మునుంచి మీకూ నాలుగు రోజులు తెరిపి. మూడోది, రెండు నెలలకు పైగా వంట ఎక్కడ? యుటిలిటీలో, అంటే వంటింటి పక్కన గిన్నెలు, బట్టలు ఉతుక్కునే చోట, ఒక బల్ల, ఇండక్షన్ పొయ్యి, కుక్కరు, పోపుల పెట్టె పెట్టుకోవచ్చు. కానీ యుటిలిటీలో 16 ఆంపియర్ల సాకెట్టు ఉందా? లేకపోతే ప్లంబరుతోపాటు ఎలక్ట్రీషియన్‌ను కూడా ఇప్పుడే పిలిపించండి. ఆ సాకెట్టు పురుడప్పుడు బాలింతకు, బిడ్డకు నీళ్ళు కాచుకోవడానికీ అక్కరకొస్తుంది.

మూడో దారి, రిటైరయ్యాక జూన్ దాటి మొదలుపెట్టడం. డబ్బు చేతిలో ఉంటుంది, మీ వారు పగలంతా ఇంట్లో ఉండి పనివాళ్ళను చూసుకుంటారు. అది చిన్న సాయం కాదు. వానల్లో చెక్కపని కాస్త నెమ్మదిస్తుంది, అంతే. నాకున్న సందేహం వేరు. రిటైరైన మొదటి నెలల్లో చాలామంది డబ్బు విషయంలో చేతులు ముడుచుకుంటారు. జీతం ఆగిపోయిందన్న బెంగ అలాంటిది. "ముందు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దాం" అన్న మాట వచ్చిందంటే మీ వంటిల్లు మళ్ళీ వెనక్కి పోతుంది. ఈ దారిలో వెళ్ళాలనుకుంటే, గ్రాట్యుటీలో ఇంత మొత్తం వంటింటిదని ఇద్దరూ ముందే అనుకుని, అమ్మాయికి కూడా చెప్పి ఉంచండి.

అసలు పెద్ద మార్పే అక్కరలేదేమో అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. గట్టు బాగానే ఉండి, స్థలం చాలుతుంటే, కింది అలమరలు మాత్రం మంచి ప్లైవుడ్డుతో మార్పించుకుని, గ్రైండరుకు మోకాలి ఎత్తులో ఒక బల్ల కట్టించుకుంటే సగం కష్టం తీరుతుంది, ఖర్చూ బాగా తగ్గుతుంది. మీ ఉత్తరంలో మీ బాధలన్నీ గట్టు కిందివే. పైన ఉన్నవాటి గురించి ఒక్క ఫిర్యాదూ లేదు. మీకు నిజంగా కొత్త వంటిల్లు కావాలా, లేక ఇన్నాళ్ళు అడిగినది దక్కాలా అన్నది మీరే తేల్చుకోవాలి. రెండోదే అయినా తప్పేమీ లేదు, రోజుకు అన్ని గంటలు నిలబడే చోటు నచ్చినట్టు ఉండాలనుకోవడానికి అలమర కుళ్ళిపోవడమే కారణం కానక్కరలేదు.

ఆలోచన ఈ వారమే మొదలుపెట్టమన్నాను కదా, దానికి సెప్టెంబరుదాకా ఉన్న సమయం బంగారం. ఒక నోటుపుస్తకం వంటింట్లోనే పెట్టుకోండి. వంట చేస్తుండగా ఏ గిన్నెకోసం ఎంత దూరం నడిచారు, దేనికి వంగారు, దేనికి స్టూలు ఎక్కారు, ఏ అలమర వారమంతా తెరవలేదు, అన్నీ రాయండి. పెనం మీద దోసె ఉండగా పచ్చడి గిన్నె ఎక్కడుంది? కూరగాయలు తరిగే చోట వెలుతురు మీ వెనకనుంచి వచ్చి కత్తిపీట మీద నీడ పడుతోందా? గట్టు ఎత్తు కొలవండి. మోచేయి మడిచి నిలబడితే దానికి సుమారు నాలుగు అంగుళాలు కిందుగా ఉంటే తరగడానికి భుజాలు నొప్పి పుట్టవు. మీ ఎత్తు ఎంతో కాంట్రాక్టరు అడిగాడా? అడగకుండానే కొటేషన్ ఇచ్చి ఉంటే అది మీ వంటింటికి ఇచ్చిన ధర కాదు, అందరికీ ఇచ్చే ధర.

పురుడు జరిగే ఆ అయిదు నెలల్లో కూడా పుస్తకం అక్కడే ఉండనివ్వండి. పథ్యం వంట వేరు, మామూలు వంట వేరు, రాత్రి రెండింటికి పాలసీసా మరిగించడం, మనవడికో మనవరాలికో వేడినీళ్ళు, వచ్చిపోయే బంధువులకు కాఫీలు. వంటిల్లు ఎంతమందికి, ఎంత పనికి నిలబడాలో ఆ నెలలు చెప్పినట్టు ఏ డిజైనరూ చెప్పలేడు. బొమ్మ గీయడం మాత్రం మీ వారికి అప్పగించండి. కొలతలు ఆయన చేత్తో తీసి, గళ్ళ కాగితంమీద తానే గీసుకున్నవారికి ఆ వంటిల్లు వాయిదా వేయాలనిపించదు.

తమ్ముడి రాయి విషయం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీకి ప్రపంచమంతా పేరుంది, పుట్టింటివాడు పంపిన రాయి గట్టుమీద ఉండటం మీకెంత ఇష్టమో మీరు రాసిన తీరులోనే తెలిసింది. కానీ శ్రావణంలో వద్దనండి. గట్టుకు రాయి కోయాలంటే సింకు ఏదో, హాబ్ (గట్టులో బిగించే పొయ్యి) ఏదో ముందే తేలాలి, ఒక్కో మోడల్‌కు కోత కొలత ఒక్కోలా ఉంటుంది. అవి తేలకుండా పలక వచ్చి ఫ్లాటులో పడితే, దానికి తగ్గట్టు వంటిల్లు కట్టుకోవలసి వస్తుంది. పెట్టుకోవడానికి చోటెక్కడ, లిఫ్టులో పడుతుందా, దారిలో పగిలితే ఎవరిది? కొలతల కాగితం మార్చిలో పంపుతానని, అదే కొలతకు మంచి పలక చూసి ఉంచమని చెప్పండి. వాడికి చిన్నబోయే మాట కాదది. రవాణా ఖర్చు మరీ ఎక్కువనిపిస్తే బెంగళూరు పక్కన జిగనిలో కూడా అదే రాయి దొరుకుతుంది, తమ్ముణ్ణి పిలిచి అతని చేతే ఎంపిక చేయించుకోండి.

ఇక నెలాఖరు తగ్గింపు. 10 శాతం అంటే 46,000 రూపాయలు. ఆ 4,60,000లో జీఎస్టీ ఉందా లేదా అని అడగండి. లేకపోతే 18 శాతం చొప్పున 82,800 రూపాయలు అదనం, తగ్గింపు అందులోనే మునిగిపోతుంది. వాడేది ఏ ప్లైవుడ్డు, సింకు కింద అయినా ఐఎస్ 710 గుర్తున్న నీటికి ఆగే రకమా, కీళ్ళు, డ్రాయరు పట్టాలు ఏ కంపెనీవి, పాత సామాను తీసుకెళ్ళే ఖర్చు, ప్లంబింగు, కరెంటు పని అందులో కలిశాయా? ఇవన్నీ విడివిడిగా రాసిమ్మనండి. గ్యాసు పైపులైను ఉంటే దాన్ని జరపడం ఇతని పని కాదు, గ్యాసు కంపెనీవారే చేయాలి, ఆ దరఖాస్తుకు వేరే సమయం పడుతుంది. ఇలాంటి కాగితాలే ఇంకో ఇద్దరి దగ్గర తీసుకోండి, వాళ్ళు అయిదారేళ్ళ కిందట చేసిన వంటిల్లు ఒకటి వెళ్ళి చూడండి. సింకు కింది తలుపు తెరిచి చూస్తే చాలు.

మీ కాంట్రాక్టరుతో ఇలా అనవచ్చు: "పని ఏప్రిల్ మూడో వారంలో మొదలవుతుంది, బొమ్మ, కొలతలు మేమే ఇస్తాం, జనవరిలో అడ్వాన్సు కడతాం, అప్పటికి మీ ధర ఎంతో రాసివ్వండి." రాసిస్తే అతణ్ణి జాబితాలో ఉంచుకోండి. ఈ నెలాఖరే అని పట్టుబడితే మిగతా ఇద్దరి కొటేషన్లు వచ్చేదాకా ఆగండి. తేదీ ఏదైనా, అది ఇంటి క్యాలెండరులో మీ చేత్తో రాసి, అమ్మాయికీ వియ్యపురాలికీ కూడా చెప్పండి. నలుగురికి తెలిసిన తేదీని జరపడం ఎవరికైనా కష్టం.